పట్టాలు లేని రైలుకట్ట: మా స్టేషన్ గోడ మీది బొమ్మ కథ ఎవరికైనా తెలుసా?

గౌతమిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. కాకినాడ–కోటిపల్లి రైలు మార్గంలో మా ఊరికి దగ్గరగా ఉన్న ఒక చిన్న స్టేషన్ గోడ మీది బొమ్మ గురించి అడగడానికి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. స్టేషన్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు బయటపడితే ఫోన్లు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవారు ఎక్కువవుతారు, లేదా ఎవరో ఒక అధికారికి ఆ గోడ పాతబడినట్టు కనిపించి సున్నం వేయిస్తారు. రెండూ నాకు భయమే.

సాయంత్రం నడకకు ఆ స్టేషన్ వైపు వెళ్లడం నాకు అలవాటు. రద్దీ ఉండదు, రావిచెట్టు నీడ ఉంటుంది, సిమెంటు బెంచీ మీద కూర్చుంటే కాలువ మీదుగా చల్లగాలి వస్తుంది. ఆ బెంచీ వెనుక గోడ పొడవునా, సుమారు నలభై అడుగుల మేర బొమ్మ ఉంది. పదేళ్ల కిందట వేసి ఉంటారు. ఇన్నాళ్లూ దాన్ని నేను అలంకారంగానే చూశాను. మొన్న వాన పడి గంటసేపు కదలలేక కూర్చున్నప్పుడు మొదటిసారి కుడి చివర నుంచి ఎడమ చివర దాకా వరుసగా చూస్తే, అందులో ఒక కథ నడుస్తోందనీ, ఆ కథ నాకు తెలియదనీ అర్థమైంది.

కుడి చివర సముద్రం, ఓడలు ఉన్నాయి. అక్కడి నుంచి పొగబండి ఒకటి పూలదండలతో వస్తోంది. దాని పక్కన ఎడ్లబండ్ల వరుస ఉంది. వాటిలో మనుషులు లేరు, బండి వెనుకకు పొడుచుకు వచ్చిన పొడవాటి కడ్డీలో దూలాలో ఉన్నాయి, చివర్లకు ఎర్రగుడ్డ ముక్కలు కట్టారు. ఆ తరువాత గోడలో సగానికి పైగా ఏమీ లేదు. ఏమీ లేదంటే, ఒక మట్టికట్ట, దాని వెంట తాటిచెట్లు, మేస్తున్న ఆవులు, వడ్లు ఎండబోస్తున్న ఒక ఆడమనిషి, ఒక చెట్టు కింద చేతిలో కర్రతో నిలబడ్డ పిల్లవాడు. వాడి ఎదుట కొమ్మకు ఏదో నల్లటిది వేలాడుతోంది. తరువాత ఒకే ఒక్క పెట్టె ఉన్న రైలుబండి, చివరికి గోదావరి, నీటి మీద పంటి (రేవు దాటించే పెద్ద పడవ), ఆ నీటి అడుగున మసగ్గా రెండు గీతలు.

సంతకం ఎక్కడా లేదు. ఆ బండ్లు ఏమిటి? మధ్యలో అంత పొడవున ఖాళీ కట్టను ఎందుకు వేశారు? స్టేషన్‌లో ఉన్నవారిని అడిగితే తాము ఈ మధ్యే బదిలీ మీద వచ్చామని చెప్పారు.

---

కొబ్బరినీడ:

చాలా మంచి చర్చ. నా ఊహ చెబుతాను. అవి ధవళేశ్వరం ఆనకట్టకు రాళ్లు మోసిన బండ్లై ఉంటాయి. మన డెల్టాలో ఏ గోడ మీద ఏ బొమ్మ వేసినా కాటన్ దొర ఎక్కడో ఒకచోట ఉండవలసిందే కదా. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ పనికి అక్కడి కొండ నుంచే రాయి తీశారు. ఖాళీ కట్ట అంటే కాలువగట్టు కావచ్చు.

---

లెక్కలమాస్టారు:

కొబ్బరినీడ గారూ, కాలం కుదరడం లేదండి. గౌతమిగట్టు గారు చెప్పిన వరుసలో పొగబండి ముందు, ఎడ్లబండ్లు తరువాత ఉన్నాయి. ఆనకట్ట పూర్తయ్యేనాటికి మన జిల్లాలో ప్రయాణికుల రైలు అనేదే లేదు. పైగా కాటన్ దొర జీవితమంతా రైళ్ల కంటే పడవలు నడిచే కాలువలే ఈ దేశానికి చవకగానూ మేలుగానూ ఉంటాయని వాదించినవాడు. ఆయనను రైల్వే గోడ మీద వేస్తే ఆయనే ఒప్పుకునేవాడు కాదేమో!

---

కోటిపల్లిరేవు:

నాకు ఆ బండ్లు కోటిపల్లి తీర్థానికి వెళ్లే బండ్లలా తోస్తున్నాయి. శివరాత్రికి మా రేవులో స్నానం చేసి సోమేశ్వరుణ్ణి దర్శించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారని మా నాయనమ్మ చెప్పేది. పొడవాటి కడ్డీలు అంటున్నారు కానీ, అవి పందిళ్లు వేయడానికి తెచ్చే వెదురుబొంగులు ఎందుకు కాకూడదు?

---

గౌతమిగట్టు:

కోటిపల్లిరేవు గారూ, మీ మాట చదివి ఈ సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాను. ఎడ్ల ముఖాలన్నీ సముద్రం వైపు ఉన్నాయి. అంటే బండ్లు కాకినాడ వైపు పోతున్నాయి కానీ కోటిపల్లి వైపు కాదు. తీర్థం నుంచి తిరిగి వస్తున్నాయని అనుకుందామంటే మనుషులు లేరు. ఇంకొక విషయం కూడా గమనించాను. ఆ కడ్డీలకు వేసిన రంగు వెదురు రంగు కాదు. ముదురు ఊదా మీద ఇటుక రంగు చారలు, అంటే తుప్పు పట్టిన ఇనుము. తోలేవారి ముఖాలకు కళ్లు, ముక్కు వేయలేదు. ఆవుల కళ్లు మాత్రం ఎంతో శ్రద్ధగా వేశారు. పొరపాటున జరిగిందో, కావాలని చేశారో నాకు తెలియలేదు.

---

పట్టాలమనిషి:

నేను రైల్వేలో పట్టాల నిర్వహణ విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ చర్చను రెండు రోజులుగా చదువుతూ, తెలిసినవారు ఎవరైనా చెబుతారేమోనని ఆగాను. ఆ బండ్లలో ఉన్నవి రైలు పట్టాలే అయి ఉంటాయి.

మన కాకినాడ–కోటిపల్లి మార్గం 2004లో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది రెండోసారి రావడం. మొదటిసారి 1928లో వచ్చింది. సుమారు 45 కిలోమీటర్ల ఈ మార్గం మీద పన్నెండేళ్లు బండ్లు నడిచాక, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, 1940లో దాన్ని విప్పేశారు. యుద్ధానికి ఇనుము కావలసి వచ్చింది. అంతగా ఆదాయం రాని కొసమార్గాలను చూసి, వాటి పట్టాలు పెరికి యుద్ధ అవసరాలకు తరలించారు. మనది ఒక్కటే కాదు. కేరళలో షొరనూరు–నిలంబూరు మార్గానికీ, హిమాచల్‌లో కాంగ్రా లోయ మార్గంలోని నగ్రోటా–జోగీందర్‌నగర్ భాగానికీ ఆ యుద్ధకాలంలోనే అదే గతి పట్టింది. అయితే ఆ రెండూ 1950లలోనే తిరిగి వచ్చాయి. మనది రావడానికి 2004 దాకా పట్టింది.

గోడ మధ్యలోని ఖాళీ కట్ట అదేనండి. పట్టాలు తీసేశాక మిగిలిన కట్ట.

---

గౌతమిగట్టు:

పట్టాలమనిషి గారూ, మీ టపా చదివి కొంతసేపు మాట రాలేదు. మా చిన్నతనంలో ఊరి అవతల పొలాల మధ్య నిటారుగా పోయే ఒక గట్టు ఉండేది. దాన్ని అందరూ రైలుకట్ట అనేవారు. ‘రైలుకట్ట అవతల చేను’, ‘రైలుకట్ట దాటి వెళ్లకురా, పాములుంటాయి’ అనే మాటలు వింటూ పెరిగాను. దాని మీద రైలు ఉండేది కాదు, పట్టా ఉండేది కాదు. అయినా ఆ పేరు ఎందుకు వచ్చిందని నేను ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. పుంత అంటే దారి, కట్ట అంటే గట్టు అన్నట్టుగానే, రైలుకట్ట అంటే అదొక రకం గట్టు కాబోలు అనుకున్నాను. తరువాత ఆ కట్ట మీదే పట్టాలు వేస్తున్నప్పుడు కూడా, ‘పేరు ముందే పెట్టారు, రైలు ఇప్పుడు వచ్చింది’ అని ఊళ్లో నవ్వుకోవడం గుర్తుంది. పెద్దవాళ్లలో కొందరు నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఇప్పుడు తెలుస్తోంది.

---

లెక్కలమాస్టారు:

అయితే ఒక లెక్క చూడండి. 1928 నుంచి 1940 వరకు పన్నెండేళ్లు. 1940 నుంచి 2004 వరకు అరవై నాలుగేళ్లు. గోడ మీద సగానికి పైగా ఖాళీ కట్టే ఎందుకుందో దీంతో తేలిపోతుంది. చిత్రకారుడు గోడను ఏళ్ల ప్రకారం పంచాడు. గౌతమిగట్టు గారూ, శ్రమ అనుకోకపోతే ఆ కట్ట వెంట తాటిచెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టగలరా? అరవై నాలుగు ఉంటాయని నా నమ్మకం.

---

గౌతమిగట్టు:

లెక్కపెట్టాను మాస్టారూ. మొదటిసారి అరవై ఒకటి వచ్చాయి. రెండోసారి అరవై మూడు. బెంచీ వెనుక ఒకచోట, టికెట్ల ధరల పట్టిక వెనుక ఒకచోట గోడ కనబడదు. అక్కడ ఒకటో రెండో ఉండవచ్చు.

---

లెక్కలమాస్టారు:

బెంచీ వెనుక ఒకటి ఉంటే అరవై నాలుగు. నేను చెప్పలేదా!

---

కుంచెపని:

నేను చిత్రకళ చదువుకున్నదాన్ని, రాజమహేంద్రవరంలో ఉంటాను. గౌతమిగట్టు గారు చర్చకు జోడించిన ఫోటోలను పెద్దవి చేసి చూశాను. ఈ చర్చ మొదలైనప్పుడే నాకొక మిత్రుడు దీన్ని పంపిస్తూ ‘దామెర్ల రామారావు గారి శైలి’ అని రాశాడు. గోదావరి బొమ్మ అనగానే ఆ పేరు ఎత్తడం మనకు అలవాటు, అందులో తప్పు లేదు. కానీ దామెర్ల వారు 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండకుండానే మశూచితో పోయారు. ఈ రైలు వచ్చేనాటికి ఆయన లేరు. మా ఊళ్లోని ఆయన చిత్రశాలకు వెళ్లినవారికి ఆ నీటిరంగుల మెత్తదనం, మనుషుల ఒంటి వంపులోని లయ తెలుస్తాయి. ఈ గోడ మీద ఉన్నది పూర్తిగా వేరే చేతివాటం.

నా పరిశీలనలో ఇక్కడ ఇద్దరు ముగ్గురి చేతులు ఉన్నాయి. ఓడలు, పొగబండి, పంటి కళాశాలలో నేర్చుకున్నవారు వేశారు. ముందు కాగితం మీద గళ్లు గీసుకుని, అవే గళ్లను గోడ మీద పెద్దవిగా గీసి, గడి తరువాత గడిగా ఎక్కించారు. పొగబండి చక్రాల దగ్గర ఆ పెన్సిలు గీత ఇంకా కనిపిస్తోంది. కానీ మట్టికట్టకూ, తాటిచెట్లకూ, పిల్లవాడికీ గళ్లు లేవు. తాటి మాను చూడండి, కింద నుంచి పైకి ఒకే ఊపులో, ఎక్కడా ఆగకుండా లాగిన గీత. కళాశాలలో ఆ గీత రాదు. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసిన చేతికి వస్తుంది. ‘రా’ రాసేటప్పుడు దీర్ఘం చివర కుంచెను ఎలా తిప్పి ఎత్తుతారో, తాటి మట్టల చివర్లలో అదే తిప్పు ఉంది. ఆ బోర్డులు రాసే వ్యక్తి ఎవరో కనుక్కుంటే మీ కథ దొరుకుతుంది.

ఇంకొక మాట. ఆయిల్ పెయింటు కింద గోడ చెమ్మపట్టి పెచ్చులు లేస్తోంది. మన డెల్టా నేలలో నీరు పైపైనే ఉంటుంది కనుక గోడ కింది నుంచి తడి పీల్చుకుని, పైన ఆ రంగు దాన్ని బయటికి పోనివ్వక, లోపల ఉప్పు పేరుకుంటుంది. అడుగున మూడు అడుగుల మేర ముందు పోతుంది. పిల్లవాడు సరిగ్గా అక్కడే ఉన్నాడు.

---

పట్టాలమనిషి:

ఇంతమంది శ్రద్ధ చూపడం సంతోషంగా ఉంది కనుక, నా వృత్తి వైపు నుంచి ఒక అభ్యంతరం కూడా చెప్పాలి. పట్టాలు విప్పడానికి ఎడ్లబండ్లు అక్కరలేదు. కొసమార్గాన్ని విప్పేటప్పుడు ఎప్పుడూ చివరి నుంచి మొదలుపెడతారు. అంటే ముందు కోటిపల్లి దగ్గర పట్టాలు ఊడదీసి, ఇంకా మిగిలి ఉన్న పట్టాల మీద నిలబెట్టిన వ్యాగన్లలోకి ఎక్కించి, ఆ బండిని వెనక్కి జరుపుకుంటూ కాకినాడ వైపు వస్తారు. రైలు తన దారిని తానే చుట్టుకుని వెళ్లిపోయినట్టు ఉంటుంది.

బరువు కూడా చూడండి. గజానికి 60 పౌండ్ల పట్టా అనుకుంటే, 36 అడుగుల పట్టా ఒక్కటి దాదాపు 327 కిలోలు తూగుతుంది. 45 కిలోమీటర్లకు రెండు వరసలు లెక్కిస్తే రెండు వేల ఆరు వందల టన్నులు దాటుతుంది. జోడెడ్ల బండి మన మట్టిదారుల్లో ఒక టన్ను లాగితే గొప్ప. మూడు పట్టాలకు ఒక బండి చొప్పున వేల బండ్లు కావాలి. అదీ కాక 36 అడుగుల కడ్డీతో బండి మన ఊళ్ల మలుపు తిరగదు. కాబట్టి బండ్ల మీద పట్టాలు పోయాయన్నది చిత్రకారుడి కల్పన అయినా అయి ఉండాలి, లేదా ఆ బండ్లలో ఉన్నవి పట్టాలు కాక ఇంకేదైనా అయి ఉండాలి.

---

కొబ్బరినీడ:

మీరే పట్టాలన్నారు, ఇప్పుడు మీరే కాదంటున్నారు. మళ్లీ మొదటికి వచ్చాం కదండీ!

---

పట్టాలమనిషి:

పట్టాలు పోయాయన్నది నిజం. బండ్ల మీద పోయాయన్నదే నా అనుమానం. రెండింటినీ కలపకండి.

---

అమలాపురంవాసి:

మా కోనసీమ వైపు నుంచి ఒక్క మాట. బొమ్మ చివర నీటి అడుగున రెండు గీతలు అన్నారు. వాటికి వేరే వివరణ అవసరమా? కోటిపల్లి నుంచి గౌతమి దాటి, అమలాపురం మీదుగా నరసాపురం వరకు 57 కిలోమీటర్ల మార్గం బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న కాలంలో, 2000–01లో మంజూరైంది. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయారు. కోటిపల్లి దాకా పాత మార్గం తిరిగి రావడాన్ని కూడా ఆయన చూడలేదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు వంతెనలు కావాలి. మేము ఇప్పటికీ పంటి దాటో, బస్సెక్కి చుట్టు తిరిగో రైలు దగ్గరకు వెళ్లవలసినవాళ్లమే. మీ గోడ మీద గీతలు నీటి కింద ఉన్నాయంటే మాకు ఆశ్చర్యం లేదు.

---

వేదిక నిర్వాహకులు:

చర్చ చక్కగా సాగుతోంది. కొత్త మార్గం పనుల ఆలస్యం మీద ఇదివరకే వేరే చర్చ ఉంది కనుక, ఇక్కడ గోడ బొమ్మ వరకే పరిమితం కావలసిందిగా మనవి. స్టేషన్ పేరును ఊహించి రాసిన రెండు టపాలను, మొదట రాసిన సభ్యుని కోరిక మేరకు తొలగించాము.

---

అక్షరాలవారమ్మాయి:

అందరికీ నమస్కారం. నేను ఈ వేదికలో కొత్తగా చేరాను. కుంచెపని గారి టపాను నా స్నేహితురాలు పంపిస్తే చదివి, రాయకుండా ఉండలేకపోయాను. తాటిమట్టల చివర కుంచె తిప్పిన చేయి మా మేనమామది. ఆయన నలభై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నారు. ఎరువుల దుకాణాలు, పాఠశాలలు, పడవల పేర్లు, ఎన్నికలప్పుడు గోడలు, అన్నీ రాశారు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయింది. స్టేషన్ గోడకు బొమ్మ వేయడానికి పట్నం నుంచి చదువుకునే పిల్లలు వచ్చినప్పుడు, అక్షరాల కోసం ఈయనను పిలిచారు. మధ్యలో ఏం వేయాలో ఆ పిల్లలకు తోచక, కొబ్బరితోట వేసి వదిలేద్దామనుకుంటుంటే, ‘ఇక్కడ జరిగింది వేయండి’ అని మామయ్య చెప్పారట. అప్పుడు వాళ్లే ఆయన చేతికి కుంచె ఇచ్చారట.

కథ మామయ్యది కాదు, మా తాతయ్యది. పట్టాలు తీసేనాటికి తాతయ్యకు తొమ్మిదో పదో ఏళ్లు. నాలుగైదేళ్ల వయసులో వాళ్ల నాన్న భుజం మీద కూర్చుని ఆ రైలుబండిని చూసిన జ్ఞాపకం ఆయనకు ఉండేదట. పట్టాలు తీసేవాళ్లు వచ్చిన రోజుల్లో బడి ఎగ్గొట్టి కట్ట మీదే ఉండేవాడట. పట్టాలమనిషి గారు చెప్పింది నిజమే. పట్టాలు రైలుబండి మీదే వెనక్కి వెళ్లాయని తాతయ్య కూడా చెప్పేవారని మామయ్య అన్నారు. ఎడ్లబండ్లలో పోయినవి పట్టాల కింది చెక్కదూలాలు, అవీ పనికిరానివి, ఊళ్లవాళ్లు కొనుక్కున్నవి. కానీ వెంట ఉన్న ఆ చదువుకునే పిల్లలు ‘చెక్క అయితే చూసేవారికి అర్థం కాదు, ఇనుము వేద్దాం’ అని కడ్డీలు చేసి, పొడవు పెంచి, ఎర్రగుడ్డలు కట్టారట. తోలేవారికి ముఖాలు లేకపోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు. ఆ పూటకు వెలుతురు పోయింది, మర్నాడు ఆ వైపు నిచ్చెన వేయలేదు, అంతే.

తాటిచెట్లు ఎన్ని వేశారని అడిగాను. ‘లెక్కేమిటే, గోడ ఎంత ఉంటే అన్ని వేశాను’ అన్నారు. మాస్టారు గారు నన్ను క్షమించాలి.

---

లెక్కలమాస్టారు:

క్షమించానమ్మా. కానీ బెంచీ వెనుక మాత్రం ఎవరైనా చూడండి.

---

కుంచెపని:

అమ్మాయీ, కొమ్మకు వేలాడుతున్న నల్లటి వస్తువు ఏమిటో అడిగావా? నేను ముందు కల్లుముంత అనుకున్నాను. ఫోటో పెద్దది చేస్తే మూలలు కోసుగా ఉన్నాయి. లాంతరు కూడా కాదు.

---

అక్షరాలవారమ్మాయి:

అది బడిగంట అండి. పట్టాలు తీసేవాళ్లు చివర్లో కోసిన ఒక చిన్న ముక్కను ఎవరో అడిగి తీసుకున్నారట, లేదా అడగకుండానే తీసుకున్నారట. తాతయ్య ఈ మాట దగ్గరకు వచ్చేసరికి ఒక్కొక్కసారి ఒక్కొక్కలా చెప్పేవారట. దాన్ని బడి ఎదుట చెట్టుకు కట్టి, ఇనుపకడ్డీతో కొట్టి గంటగా వాడారు. బడి ఎగ్గొట్టినందుకు శిక్షగా రోజూ గంట కొట్టే పని తాతయ్యకే పడింది. బొమ్మలోని పిల్లవాడు తాతయ్య. ఆయన చేతిలో ఉన్నది కర్ర కాదు, ఆ కడ్డీ. కట్ట మీద రైలు పోయిందన్న దానికి ఊళ్లో మిగిలిన ఆనవాలు అదొక్కటే అనేవారట.

---

పట్టాలమనిషి:

ఇది నాకు కొత్త సంగతి. అయితే నమ్మదగిన సంగతి. కంచుగంట కొనలేని బడికి పట్టాముక్క కంటే మంచి గంట లేదు. పట్టా ఉక్కు గట్టిది కావడం వల్ల రెండు మూడు అడుగుల ముక్కను ఒక చివర కట్టి వేలాడదీసి కొడితే మోత ఊరి చివర దాకా వినబడుతుంది. మా చిన్న స్టేషన్లలోనూ బండి వచ్చే కబురుకు అదే కొట్టేవాళ్లం.

గౌతమిగట్టు గారూ, ఆ బడి ఇప్పటికీ ఉంటే, ఆ ముక్క కూడా ఎక్కడో ఉండవచ్చు. దొరికితే దాని నిలువు ఎత్తు కొలవండి. గజానికి 60 పౌండ్ల పాత పట్టా అయితే 114 మిల్లీమీటర్లు, 75 పౌండ్లదైతే 128 పైచిలుకు, 90 పౌండ్లదైతే దాదాపు 143 ఉంటుంది. ఇప్పటి 52 కిలోల పట్టా 156, 60 కిలోలది 172. పట్టా నడుము భాగం మీద, అంటే సన్నగా ఉండే చోట, తయారుచేసినవారి గుర్తు, బరువు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో పోతపోసినట్టు ఉంటాయి. తుప్పు తినేయకపోతే చదవవచ్చు.

---

గౌతమిగట్టు:

మూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. బడి ఉంది, చెట్టు లేదు. ఇప్పుడు కరెంటు గంట మోగుతోంది. ప్రధానోపాధ్యాయురాలు ఎంతో ఓపికగా విని, వంటపాత్రలు పెట్టే గది తెరిపించారు. మూలన, విరిగిన బల్లల వెనుక, తలుపు ఊడిరాకుండా అడ్డుపెట్టడానికి వాడుతున్న ఒక ఇనుపముక్క దొరికింది. రెండడుగులకు కొంచెం ఎక్కువ ఉంది. పైన ఒక పెద్ద బెజ్జం, ఒక వైపు దెబ్బలు తిని తిని నున్నగా సొట్టపడిన చోటు ఉన్నాయి. ఎత్తు కొలిస్తే 11 సెంటీమీటర్ల మీద నాలుగైదు గీతలు వచ్చాయి. పిల్లల స్కేలుతో కొలిచాను కనుక అటూ ఇటూ ఒక గీత తేడా ఉండవచ్చు. నడుము మీద ఏదో ఉబ్బెత్తుగా చేతికి తగులుతోంది కానీ, ఏళ్ల తరబడి జెండా పండుగలకు వేసిన ఆకుపచ్చ రంగు పొరల కింద అక్షరాలు చదవడానికి రాలేదు. గీకి చూద్దామని బుద్ధి పుట్టింది. గీకలేదు.

---

పట్టాలమనిషి:

గీకకపోవడం మంచిపని. 114 దగ్గర ఉందంటే 60 పౌండ్ల పట్టానే. కానీ, నేను జీవితమంతా లెక్కకు కట్టుబడ్డవాణ్ణి కనుక ఇది కూడా చెబుతున్నాను. అటువంటి పట్టా కాకినాడ రేవు దగ్గర ఏ గోదాములోకి వేసిన దారి నుంచైనా రావచ్చు. అది మన మార్గం పట్టానే అని ఎత్తు ఒక్కటీ చూసి చెప్పలేం. తాతగారి మాటా, ఈ కొలతా ఒకదానికొకటి అడ్డురావడం లేదు. అంతవరకు చెప్పగలను.

---

కోటిపల్లిరేవు:

నా తీర్థం బండ్ల వాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతకీ మా నాయనమ్మ ఇంటి వసారాకు రెండు దూలాలు ఉండేవి, వాటికి పెద్ద పెద్ద మేకుల బెజ్జాలు వరుసగా ఉండేవి. కొత్త ఇల్లు కట్టినప్పుడు పొయ్యిలోకి పోయాయి. ఎక్కడివో అప్పుడు ఎవరూ అడగలేదు.

---

కుంచెపని:

ఇప్పుడు చేయవలసిన పని గురించి. గోడ రైల్వేది. అనుమతి లేకుండా మనం దాని మీద కుంచె పెట్టకూడదు. డివిజన్ కార్యాలయానికి రాతపూర్వకంగా విన్నపం పెడదాం. అందులో బొమ్మను కొత్తగా వేస్తామని కాక, పెచ్చులు లేచిన అడుగు భాగాన్ని మాత్రం బాగుచేస్తామని రాయాలి. పని కూడా వేసవిలో, గోడ పూర్తిగా ఆరాక చేయాలి. లేచిన పెచ్చులు తీసి, సిమెంటు కాక సున్నపు పూత వేస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది, ఉప్పు మళ్లీ అంత త్వరగా పేరుకోదు. ఈలోగా గోడ మొత్తాన్ని అడుగుకు ఒకటి చొప్పున ఫోటోలు తీసి పెట్టుకోవాలి. పిల్లవాణ్ణి మాత్రం మీ మామయ్యే వేయాలి అమ్మాయీ. ఆ గీత నాకు రాదు.

---

గౌతమిగట్టు:

విన్నపం రాసి నిన్న పంపించాను. స్టేషన్‌లో చెప్పి, వారి ఎదుటే ఫోటోలు తీశాను. అందుకోసం బెంచీని ఒక అడుగు ముందుకు జరపనిచ్చారు. మాస్టారూ, బెంచీ వెనుక చెట్టు లేదు. ఒక ఆవుదూడ ఉంది.

---

లెక్కలమాస్టారు:

ధరల పట్టిక వెనుక?

---

గౌతమిగట్టు:

దాన్ని కదపనివ్వలేదండి.

---

అక్షరాలవారమ్మాయి:

పట్టాముక్క ఫోటో మామయ్యకు చూపించాను. చాలాసేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు. అది తాతయ్య కొట్టినదే అని ఆయన అనలేదు, కాదని కూడా అనలేదు. పని మొదలుపెట్టినప్పుడు తప్పకుండా వస్తానన్నారు, డబ్బు అక్కరలేదు, రంగులు మాత్రం మంచివి తెప్పించమన్నారు. ఒక్క షరతు పెట్టారు. పిల్లవాడికి ఇప్పుడున్న నీలం చొక్కా తీసేస్తారట. ఆ రోజుల్లో తాతయ్యకు చొక్కా లేదట, గోచీతోనే బడికి వెళ్లేవారట. పదిమంది చూసే స్టేషన్ గోడ మీద బాగుండదని అప్పుడు పక్కనున్నవాళ్లు ఎవరో అంటే, మాట కాదనలేక చొక్కా తొడిగారట.